ఫ్రెంచి మూలాల పేర్లు ఆంగ్లంలో: ఏది సరైన ఉచ్చారణ?

శబ్దాన్వేషి:

సభ్యులందరికీ నమస్కారం. ఆంగ్ల పుస్తకాలను చదివి ఆడియోగా రికార్డు చేయడం నా వృత్తి. ప్రస్తుతం చేతిలో ఉన్న చరిత్ర పుస్తకం సగం ఇంగ్లండులోనూ సగం అమెరికాలోనూ నడుస్తుంది. దాదాపు ప్రతి పుటలోనూ ఫ్రెంచి నుంచి వచ్చిన ఊరి పేరో ఇంటిపేరో ఎదురవుతోంది. ఫ్రెంచివారు ఎలా పలుకుతారో అలాగే పలకాలని నిర్మాత అంటున్నారు. అలా పలికితే డెట్రాయిట్ నగరాన్ని 'దెత్రువా' అనాలి, వినేవాడికి అది ఏ ఊరో కూడా అర్థం కాదు.

పోనీ అందరూ అన్నట్టే అందామంటే అందులోనూ ఒక పద్ధతి కనిపించడం లేదు. డెట్రాయిట్‌లో చివరి టి అక్షరం పలుకుతుంది కానీ ఇలినాయ్‌లో చివరి ఎస్ పలకదు. సెయింట్ లూయిస్‌లో ఎస్ పలుకుతుంది, లూయివిల్‌లో పలకదు. రెండు పేర్లలోనూ ఉన్నది ఫ్రాన్సు రాజుల పేరే. బ్యూలీ, బీవర్, బీచమ్ వంటి ఇంగ్లండు పేర్ల సంగతికి వస్తే, రాతకూ పలుకుకూ మధ్య చుట్టరికమే కనిపించదు. వీటన్నిటినీ కలిపే సూత్రం ఏదైనా ఉందా, లేక ఒక్కొక్క పేరునూ విడిగా నేర్చుకోవలసిందేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వార్తాపాఠకురాలు:

శబ్దాన్వేషి గారూ, మీ నిర్మాత గారి సూత్రంతో వార్తలు చదివితే మొదటి రోజే శ్రోతల ఉత్తరాలు వచ్చిపడతాయి. ఊరి పేరు విషయంలో నేను పాటించే నియమం ఒక్కటే: ఆ ఊళ్లో ఉన్నవాళ్లు ఆంగ్లంలో మాట్లాడుకునేటప్పుడు దాన్ని ఎలా పలుకుతారో అదే సరైనది. మూలం ఏ భాషన్నది ఆ తరువాతి ప్రశ్న.

కెంటకీ రాష్ట్రంలో వెర్సాయ్ రాజప్రాసాదం పేరే పెట్టుకున్న ఊరు ఒకటి ఉంది. అక్కడివాళ్లు దాన్ని 'వర్‌సేల్స్' అంటారు. ఆ ఊరి గురించి మాట్లాడుతూ 'వెర్సాయ్' అంటే మీరు బయటివారని వెంటనే తెలిసిపోతుంది. దక్షిణ డకోటా రాజధాని పేరు రాతలో 'పియేర్' అనే ఫ్రెంచి పురుషుడి పేరే, కానీ పలికేటప్పుడు ఒకే అక్షరంగా 'పియ్‌ర్' అని ముగించేస్తారు. మెయిన్ రాష్ట్రంలోని కాలే నగరం అక్కడ 'క్యాలస్' అవుతుంది. మోంటానాలోని హావ్ర్ 'హ్యావర్' అవుతుంది. ఐడహో రాజధానిని బయటివాళ్లు 'బాయ్‌జీ' అంటారు, అక్కడ పుట్టినవాళ్లు 'బాయ్‌సీ' అంటారు, ఆ చిన్న తేడాను వాళ్లు పట్టింపుగానే తీసుకుంటారు.

ఒకే రాత ఉన్న రెండు ఊళ్లు రెండు రకాలుగా పలకడం కూడా మామూలే. దక్షిణ కరోలినాలో ఉన్నది 'బ్యూఫర్ట్', ఉత్తర కరోలినాలో ఉన్నది 'బోఫర్ట్'. అయోవా రాజధాని 'డి మోయ్న్', రెండు ఎస్‌లూ మౌనమే. అదే పేరు పెట్టుకున్న వాషింగ్టన్ రాష్ట్రపు ఊరిని అక్కడివారు చాలామంది చివరి ఎస్ కలిపి 'డి మోయ్న్స్' అంటారు. కెంటకీలోని మహానగరం లూయివిల్ అయితే, కొలరాడోలోని ఊరు 'లూయిస్‌విల్'. కాబట్టి మీ చేతిలోని రాతప్రతిలో ఊరి పేరు పక్కన రాష్ట్రం పేరు కూడా రాసుకోవడం తప్పనిసరి. అది లేకుండా ఉచ్చారణ వెతకడం మొదలుపెట్టకండి.

ఫ్రెంచి ఉపాధ్యాయుడు:

వార్తాపాఠకురాలు గారి సలహా పనికి సౌకర్యంగానే ఉంది కానీ, నాకు మింగుడుపడటం లేదు. ఒక ఊరివాళ్లందరూ కలిసి తప్పు పలికితే అది ఒప్పు అయిపోతుందా? 'వర్‌సేల్స్' అనేది ఆ రాతను ఎన్నడూ విననివాడు అక్షరాలు కూడబలుక్కుని చదివిన ఫలితం. దానికి స్థానిక సంప్రదాయమన్న గౌరవం కట్టబెట్టడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

మన చర్చకు ఒక సౌలభ్యం మాత్రం ఉంది. ఆంగ్లపు ట, డలు వేరు, ఫ్రెంచి త, దలు వేరు. ఆ తేడా రాయడానికి తెలుగు లిపిలో విడి అక్షరాలు ఉన్నాయి. ఫ్రెంచి పలుకును త, దలతోనూ, ముక్కుతో పలికే అచ్చులను అరసున్నతోనూ రాసి, ఆంగ్లపు పలుకును ట, డ, న్‌లతో రాస్తే ఎవరు ఏ భాష గురించి చెబుతున్నారో తేలికగా తెలుస్తుంది. పారిస్‌లోని ప్రార్థనాలయం 'నోత్ర్ దామ్', ఇండియానాలోని విశ్వవిద్యాలయం 'నోటర్ డేమ్'. నేను ఇకమీదట అలాగే రాస్తాను.

చరిత్ర విద్యార్థిని:

ఉపాధ్యాయుడు గారు 'వర్‌సేల్స్' విషయంలో చెప్పింది నిజమే. అది కంటితో నేర్చుకున్న పేరు. కానీ ఆ ఒక్క ఉదాహరణతో ఆంగ్లంలోని ఫ్రెంచి పేర్లన్నీ వక్రీకరణలే అనుకుంటే, వాటిలో చాలావాటికి అన్యాయం జరుగుతుంది. కొన్ని ఆంగ్ల ఉచ్చారణలు నేటి ఫ్రెంచి ఉచ్చారణ కంటే పాతవి.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించినప్పుడు వాళ్లతో పాటు వచ్చిన ఫ్రెంచి, ఈనాటి పారిస్ ఫ్రెంచి కాదు. ఆనాటి ఫ్రెంచిలో సి-హెచ్ జంటను 'చ' అని పలికేవారు. అది 'ష'గా మారింది 13వ శతాబ్దంలో. అప్పటికే ఆంగ్లంలో స్థిరపడిన పేర్లకు ఆ మార్పు అంటలేదు. అందుకే ఆంగ్లేయుడు 'చార్ల్స్' అంటాడు, ఫ్రెంచివాడు 'షార్ల్' అంటాడు. శబ్దాన్వేషి గారు అడిగిన 'బీచమ్'నే తీసుకోండి. ఫ్రెంచివారు నేడు దాన్ని 'బోషాఁ' అంటారు. రెండింటిలో పాత 'చ'ను నిలుపుకున్నది ఆంగ్లమే. జె అక్షరం కథ కూడా ఇదే. పాత ఫ్రెంచిలో అది మన 'జ'కు దగ్గరగా ఉండేది, తరువాత ఆంగ్లంలోని 'మెజర్' అనే మాటలో మధ్యన వినిపించే ధ్వనిగా మెత్తబడింది. ఆంగ్లం మాత్రం పాత గట్టి ధ్వనినే ఉంచుకుంది.

'బ్యూలీ'లోని 'బ్యూ' వింతగా అనిపించే వారు 'బ్యూటీ' అనే మాటను ఒకసారి పలికి చూడండి. రెండింటికీ మూలం ఒకటే మాట, రెండింటిలోనూ ఆ మూడు అచ్చుల గుంపును ఆంగ్లం ఒకేలా మలుచుకుంది. ఈ-ఏ-యు వరుసను 'ఓ' అని పలకడం తరువాతి ఫ్రెంచి అలవాటు. అంటే హ్యాంప్‌షైర్‌లోని బ్యూలీని, 1204లో జాన్ రాజు మఠం కట్టించిన ఆ ఊరిని, 'బోలియో' అని దిద్దబోయేవాడు ఒక మధ్యయుగపు పేరుకు ఆధునిక వేషం వేస్తున్నాడన్నమాట. దక్షిణ కరోలినా 'బ్యూఫర్ట్' కూడా ఈ కుటుంబంలోకే వస్తుంది. 'బీవర్' అని పలికే బెల్వోయిర్ కోటలోనూ, 'గ్రోవ్‌నర్' అని పలికే గ్రోస్‌వెనోర్ ఇంటిపేరులోనూ శతాబ్దాల వాడుకలో అక్షరాలు అరిగిపోయాయి. సెయింట్ జాన్ అని రాసి 'సింజన్' అని పలకడం, సెయింట్ మోర్ నుంచి 'సీమోర్' రావడం, సెయింట్ క్లేర్ నుంచి 'సింక్లేర్' రావడం అన్నీ ఆ అరుగుదలే.

ఇక మీ అసలు ప్రశ్న డెట్రాయిట్, ఇలినాయ్‌ల గురించి. ఓ-ఐ జంటను ఫ్రెంచివారు నేడు 'వా' అంటారు కానీ, 17వ శతాబ్దంలో చదువుకున్నవారు దాన్ని 'వె' అనేవారు. 'వా' అనేది ప్రామాణిక స్థాయికి వచ్చింది 1789 విప్లవం తరువాతనే. ఇలినాయ్ ప్రాంతపు ఆదివాసుల పేరు చివర వినిపించిన 'వె' ధ్వనిని ఆనాటి ఫ్రెంచి యాత్రికులు తమ అలవాటు ప్రకారం ఓ-ఐ-ఎస్ అక్షరాలతో రాసుకున్నారు. చివరి ఎస్ ఎప్పుడూ చెవికి వినపడేది కాదు. ఆంగ్లం మాట్లాడేవారు వచ్చి ఓ-ఐని తమ పద్ధతిలో 'ఆయ్' అని చదువుకున్నారు, ఎస్‌ను మాత్రం పాత నివాసుల నోట విన్నట్టే వదిలేశారు. సగం కన్ను, సగం చెవి. 1701లో కాడియాక్ స్థాపించిన డెట్రాయిట్‌కు వచ్చేసరికి కన్నుదే పైచేయి అయింది, చివరి టి కూడా పలుకులోకి వచ్చేసింది. స్థాపకుడి పేరు సైతం కారుకు ఎక్కాక 'క్యాడిలాక్' అయిపోయింది.

కాబట్టి మీరు అడిగిన సూత్రం అక్షరాలలో దొరకదు. ప్రతి పేరు వెనుకా ఒక ప్రశ్న ఉంటుంది: ఆంగ్లం మాట్లాడేవారు దాన్ని మొదట ఎవరి నోటనైనా విన్నారా, పటంలో చూశారా?

ఫ్రెంచి ఉపాధ్యాయుడు:

విద్యార్థిని గారూ, నార్మన్ పేర్ల విషయంలో మీ వాదనను కాదనను. వాటిని నేటి ఫ్రెంచికి తిప్పడం అర్థం లేని పని.

అయితే వీటికంటే నన్ను ఎక్కువగా బాధించేది మరొక జబ్బు. ఫ్రెంచి పేరు కనపడగానే చివరి హల్లును మింగేస్తే ఫ్రెంచిలా ఉంటుందని అనుకునేవారు ఎక్కువయ్యారు. సంగీత కార్యక్రమాల్లో 'బెర్లియో' అని వింటూ ఉంటాను. ఆ స్వరకర్త పేరు 'బెర్లియోజ్', చివరి జడ్ స్పష్టంగా పలుకుతుంది. 'బూలెజ్' పేరులోనూ అంతే. సాఁ-సాఁస్ పేరులో చివరి ఎస్ పలుకుతుంది. ప్రూస్త్ పేరులో ఎస్, టి రెండూ పలుకుతాయి. 'ఎర్మెస్' దుకాణానికి వెళ్లి 'ఎర్మే' అనేవారు, 'మొఎత్' మద్యాన్ని 'మొఏ' అనేవారు తాము ఎంతో నాజూకుగా పలికామనుకుంటారు కానీ, రెండు చోట్లా ఫ్రెంచివారు చివరి హల్లును పలుకుతారు.

మామూలు మాటల్లో చివరి ఎస్, టి, డి, ఎక్స్, జడ్‌లు సాధారణంగా మౌనం వహిస్తాయి. మనుషుల పేర్లలో, ఊళ్ల పేర్లలో ఆ నియమానికి మినహాయింపులు లెక్కలేనన్ని. కామ్యూ, ద్యూమా పేర్లలో ఎస్ పలకదు, ద్యూరాస్ పేరులో పలుకుతుంది. ఎక్స్ నగరం పేరులో ఎక్స్ అక్షరం పలుకుతుంది. ఆర్-ఇ-ఐ-ఎమ్-ఎస్ అని రాసే రాఁస్ నగరం పేరు అక్షరాలు చూసి ఎవరూ ఊహించలేరు. ఒక్క విషయం మాత్రం నమ్మదగినది: పేరు చివర ఇ అక్షరం గానీ, ఇ-ఎస్ జంట గానీ ఉంటే, దాని ముందున్న హల్లు తప్పకుండా పలుకుతుంది. దెకార్త్, బార్త్, కాన్, మూడింటిలోనూ చివరి ఇ-ఎస్ మౌనం, దాని ముందున్న హల్లు సజీవం. కాన్ చిత్రోత్సవాన్ని 'కా' అనేవారిని నేను స్వయంగా విన్నాను.

రెండు మాటలు కలిసినచోట మౌనంగా ఉన్న హల్లు లేచి పక్క అచ్చుతో కలుస్తుందన్న సంగతి కూడా మరవకూడదు. పారిస్‌లోని రాజవీధి 'షాఁజెలిజే', 'షాఁ ఎలిజే' కాదు. 'లిటిల్ ప్రిన్స్' రాసిన విమానచోదకుడి ఇంటిపేరు 'సాఁతెగ్జ్యుపెరీ'.

శబ్దాన్వేషి:

ముగ్గురికీ ధన్యవాదాలు. విద్యార్థిని గారు చెప్పిన కన్ను, చెవి తేడాతో నా జాబితాలోని ఊళ్లు చాలావరకు అర్థమయ్యాయి. ఇప్పుడు మనుషుల పేర్ల గురించి ఒక సందేహం. పుస్తకంలో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డు బోయిస్ గురించి ఒక పూర్తి అధ్యాయం ఉంది. ఆయనను ఎలా పలకాలి? అలాగే నిజంగా ఫ్రాన్సులోనే పుట్టి పెరిగిన వ్యక్తి పేరు ఆంగ్ల వాక్యం మధ్యలో వచ్చినప్పుడు ఆ గొంతులోని ఆర్ ధ్వనిని, ముక్కుతో పలికే అచ్చులను యథాతథంగా తీసుకురావాలా?

వార్తాపాఠకురాలు:

మనుషుల పేర్లకు నియమం ఇంకా సులువు. పేరు ఎవరిదో ఉచ్చారణ కూడా వారిదే. డు బోయిస్ విషయంలో సందేహానికి తావే లేదు, ఎందుకంటే తన పేరును 'డ్యూ బోయ్స్' అని, ఊనిక, అంటే నొక్కు, చివరి అక్షరం మీద ఉంచి పలకాలని ఆయనే లేఖలో స్పష్టంగా తెలియజేశారు. ఆయన్ను 'ద్యూ బ్వా' అనడం మర్యాద అనుకునేవారు ఆయన మాటను తోసిపుచ్చుతున్నట్టే.

'వాల్డెన్' రచయిత థొరో ఉదాహరణ కూడా మీకు పనికొస్తుంది. ఆయన పూర్వీకులు ఫ్రెంచి మాట్లాడే జెర్సీ ద్వీపం నుంచి వచ్చారు. ఈనాడు చాలామంది ఊనికను చివరన పెట్టి 'థొరో' అంటారు. కానీ ఆయన కుటుంబం, ఇరుగుపొరుగువారు మొదటి అక్షరం మీదే ఊనిక పెట్టేవారు, 'థరో' అనే ఆంగ్ల మాటకు అది దాదాపు సమానంగా వినిపించేది. మరొక చిత్రం: హాకీ గోల్‌కీపర్ ప్యాట్రిక్ రువా కెనడా ఫ్రెంచివాడు కాబట్టి ఆయన ఇంటిపేరు 'రువా', ఆంగ్ల వ్యాఖ్యాతల నోట 'వా'. ఆర్-ఓ-వై అనే అదే మూడక్షరాల రాత ఒక ఆంగ్లేయుడి పేరు అయితే 'రాయ్'. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బ్రెట్ ఫార్వ్ పేరులో వి, ఆర్ అక్షరాలు పలుకులో స్థానాలు మార్చుకున్నాయి. ఆయన ఇంట్లో అలాగే అంటారు, కాబట్టి మనమూ అలాగే అంటాం.

రెండో ప్రశ్నకు నా జవాబు, వద్దు. ఆంగ్ల వాక్యం ఆంగ్ల ధ్వనులతోనే సాగాలి. పేరు వచ్చినప్పుడు ఫ్రెంచి అచ్చులకు ఆంగ్లంలో అతి దగ్గరగా ఉన్న అచ్చులను ఎంచుకుని, అక్షరాల సంఖ్యను, మౌనంగా ఉండే హల్లులను సరిగ్గా పాటిస్తే చాలు. గొంతు ఆర్‌ను, అనునాసికాన్ని తెచ్చిపెట్టుకుంటే ఆ పేరు దగ్గర వాక్యం నడక ఆగి, మళ్లీ మొదలవుతుంది. వినేవాడికి పేరు బదులు చదువరి గొప్ప వినిపిస్తుంది. బీబీసీలో ఉచ్చారణ విభాగం అంటూ ఒకటి ఉంది, ఆ సంప్రదాయపు మూలాలు 1926 నాటి సలహా సంఘంలో ఉన్నాయి. వ్యక్తి తన పేరును ఎలా పలుకుతాడో కనుక్కోవడం, ఆంగ్లంలో స్థిరపడిన రూపం ఉన్న ఊళ్లకు ఆ రూపాన్నే వాడటం వారి పద్ధతి. పారిస్‌ను ఆంగ్ల వార్తల్లో ఎవరూ 'పారీ' అనరు కదా.

ఊనిక సంగతి మాత్రం ముందే తేల్చుకోండి. ఫ్రెంచిలో మాటకు విడిగా ఊనిక లేదు, పదబంధం చివరన కొద్దిగా నొక్కు పడుతుంది. అమెరికన్లు దాన్ని చివరి అక్షరం మీది ఊనికగా అర్థం చేసుకుంటారు, బ్రిటిష్‌వారు ఎక్కువగా మొదటి అక్షరాన్ని నొక్కుతారు. చిత్రకారుడు మొనే పేరును అట్లాంటిక్ సముద్రానికి ఇరువైపులా ఒకసారి విని చూడండి. మీ పుస్తకం చదివేది ఏ ఆంగ్లంలోనో దాని పద్ధతిని ఆద్యంతం పాటించడం ముఖ్యం.

మౌనాక్షరి:

చర్చ మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. కార్ల పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. పేరు ఎవరిదో ఉచ్చారణ వారిదే అంటున్నారు, మరి కంపెనీ పేరుకు యజమాని ఎవరు? బ్రిటన్‌లో పెజోను 'పర్‌జో' అంటారు, అమెరికాలో 'పూజో' అంటారు. రెనోను అమెరికన్లు ఎల్, టి అక్షరాలతో సహా 'రెనాల్ట్' అని పలకడం చాలాసార్లు విన్నాను. వీటిలో ఏది తప్పు?

ఫ్రెంచి ఉపాధ్యాయుడు:

మౌనాక్షరి గారూ, ఫ్రాన్సులో అవి 'ప్యోజో', 'రనో'. మొదటి దానిలోని అచ్చు ఆంగ్లంలో లేదు కాబట్టి ఇద్దరూ తమకు దగ్గరగా తోచినదాన్ని పట్టుకున్నారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. 'రెనాల్ట్' మాత్రం నాకు రుచించదు. అయినా వ్యాపార నామాల విషయంలో ఆయా దేశాల ప్రకటనల్లో ఎలా వినిపిస్తుందో అలా పలకడమే క్షేమం, అంతకుమించి వాదించడానికి అక్కడ చరిత్ర పెద్దగా లేదు. సిత్రొయెన్ ఒక్కటి కొంత ఆసక్తికరం. ఆ ఇంటిపేరు నెదర్లండ్స్ నుంచి వచ్చింది. ఇ అక్షరం నెత్తిన రెండు చుక్కలు పెట్టింది, దాని ముందున్న ఓతో కలపకుండా విడిగా పలకమని చెప్పడానికే. ఆంగ్లంలో చుక్కలు రాలిపోయినా ఆ అచ్చును చాలామంది విడిగానే పలుకుతున్నారు.

చరిత్ర విద్యార్థిని:

శబ్దాన్వేషి గారి పుస్తకంలో దక్షిణ రాష్ట్రాలు కూడా వస్తే, నిఘంటువులు సైతం దారి తప్పించే రెండు ప్రాంతాల గురించి ముందే హెచ్చరించడం మంచిది.

మొదటిది దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్. 1685లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ ప్రొటెస్టెంట్లకు ఇచ్చిన రక్షణ శాసనాన్ని రద్దు చేయడంతో, హ్యూగెనాట్లు అనే ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు వేలాదిగా దేశం విడిచారు. వారిలో కొన్ని కుటుంబాలు చార్ల్స్‌టన్ చేరాయి. ఆ ఇంటిపేర్లు నేటికీ అక్కడి వీధులకు ఉన్నాయి. హెచ్-యు-జి-ఇ-ఆర్ అని రాసి 'యూజీ' అంటారు. ఎల్-ఇ-జి-ఎ-ఆర్-ఇ అని రాసి 'లగ్రీ' అంటారు. హారీ అని రాసిన కౌంటీ పేరులో హెచ్ పలకదు, ఊనిక చివరన ఉంటుంది: 'ఓరీ'. ఇవి నేటి ఫ్రెంచీ కావు, అక్షరాలను బట్టి చదివిన ఆంగ్లమూ కావు. మూడు వందల ఏళ్లుగా కుటుంబాల్లో నోటి నుంచి నోటికి అందుతూ వచ్చిన రూపాలు. అదే వలసలో బోస్టన్ చేరిన రివ్వార్ అనే వెండి పనివాడు తన పేరును ఆంగ్లేయుల నోటికి అనువుగా రెవీర్ అని మార్చుకున్నాడు, ఆయన కొడుకే విప్లవకాలపు పాల్ రెవీర్. రాతను నిలుపుకుని పలుకును వదిలినవారు, పలుకు కోసం రాతను మార్చుకున్నవారు, ఇద్దరూ ఉన్నారు.

రెండవది లూయిజియానా. 1755లో బ్రిటిష్‌వారు కెనడా తూర్పు తీరం నుంచి వెళ్లగొట్టిన అకేడియన్లలో అనేకులు చివరికి అక్కడ స్థిరపడ్డారు. ఫ్రెంచి ఇళ్లలో బతికి ఉండటం వల్ల హెచ్-ఇ-బి-ఇ-ఆర్-టి అనే ఇంటిపేరు అక్కడ 'ఏబేర్'. ఆ కుటుంబాల వాతావరణానికి దూరంగా ఉన్నచోట అదే 'హీబర్ట్'. బెనోయిట్ పేరు అక్కడ 'బెన్‌వా', న్యూ ఇంగ్లండ్‌లో తరచుగా 'బెనాయిట్'. ఇలాంటి ఇంటిపేరు కనిపిస్తే ఆ మనిషి ఎక్కడివాడో చూడకుండా పలకకూడదు.

చెవి ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చూడవచ్చు. కొలరాడోలోని పర్గత్వార్ నదిని అక్కడి పశువుల కాపరులు విన్నది విన్నట్టు 'పికెట్‌వైర్' చేసేశారు. డెట్రాయిట్ నదిలోని బ్వా బ్లాఁ ద్వీపం 'బాబ్-లో' అయింది, చివరికి రాత కూడా అలాగే మారింది. నాకైతే ఇవి 'వర్‌సేల్స్' కంటే ఎంతో అందంగా అనిపిస్తాయి.

ఫ్రెంచి ఉపాధ్యాయుడు:

పికెట్‌వైర్ అందంగానే ఉంది, ఒప్పుకుంటాను.

కానీ వార్తాపాఠకురాలు గారిని ఒకటి అడగాలి. స్థానికుల మాటే ప్రమాణం అంటున్నారు, స్థానికులే తమలో తాము ఏకీభవించకపోతే? న్యూ ఓర్లిన్స్ సంగతేమిటి? ఒకే నగరంలో నాలుగు రకాలుగా విన్నాను.

వార్తాపాఠకురాలు:

మంచి ప్రశ్న. 1718లో ఫ్రెంచివారు స్థాపించిన ఆ నగరాన్ని అక్కడివాళ్లు ఎక్కువగా 'న్యూ ఓర్లిన్స్' అంటారు, కొందరు 'ఓర్లియన్స్' అని మూడక్షరాలు చేస్తారు. 'న్యూ ఓర్లీన్స్' అని సాగదీస్తే పర్యాటకుడి కింద లెక్క. అయితే 'న్యూ' లేకుండా ఆ పరిపాలనా ప్రాంతం పేరు చెప్పేటప్పుడు అదే స్థానికుడు 'ఓర్లీన్స్ ప్యారిష్' అని సాగదీస్తాడు. అక్కడి వీధుల పేర్లు ఇంకా గమ్మత్తు: ఫ్రాన్సులోని షార్త్ర్ నగరం పేరున్న వీధి 'చార్టర్స్', బర్గండీ వీధిలో ఊనిక మధ్య అక్షరం మీద. ఇలాంటిచోట స్థానికుల్లో అధికసంఖ్యాకుల రూపాన్ని ఎంచుకుని పుస్తకమంతా దానికే కట్టుబడి ఉండటం తప్ప చేయగలిగింది లేదు. ఒక పుటలో ఓర్లిన్స్, మరో పుటలో ఓర్లియన్స్ వినిపిస్తే శ్రోతలకు చికాకు.

మాంట్రియాల్ వంటి ద్విభాషా నగరం విషయంలోనూ ఆంగ్లం మాట్లాడే స్థానికుడినే అనుసరించండి. అతడు మొదటి అచ్చును 'మన్' అన్నట్టు పలుకుతాడు, అమెరికన్ 'మాన్' అంటాడు.

ఫ్రెంచి ఉపాధ్యాయుడు:

సరే, అమెరికా ఊళ్ల మీద నా అభ్యంతరం వెనక్కి తీసుకోను కానీ, ఆడియో పుస్తకానికి మీ పద్ధతే నడుస్తుంది. ఫ్రాన్సులోనే ఉన్న ఊళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. పాత ఆంగ్ల పుస్తకాల్లో లియోఁ నగరానికి చివర ఎస్ చేర్చి 'లయన్స్' అనేవారు, రాఁస్‌ను 'రీమ్స్' అనేవారు. 'లయన్స్' నేడు దాదాపు కనుమరుగైంది, 'రీమ్స్' ఇంకా అక్కడక్కడా వినిపిస్తోంది. శబ్దాన్వేషి గారి పుస్తకం ఎప్పుడు రాసిందో చూసుకుని నిర్ణయించాలి.

శబ్దాన్వేషి:

పుస్తకం ఇటీవలిదే, కాబట్టి 'లియోన్' అనే వెళతాను. రాతప్రతి అంచులో ప్రతి పేరుకూ రాష్ట్రం, కాలం, మనిషి అయితే పుట్టినచోటు రాసుకోవడం మొదలుపెట్టాను. నిర్మాత గారికి డు బోయిస్ లేఖ సంగతి చెప్పగానే ఆయన మెత్తబడ్డారు.

చివరిగా ఒక చిన్న చిక్కు. మౌనంగా ఉన్న ఎస్‌తో ముగిసే పేరుకు షష్ఠీ విభక్తి వస్తే ఎలా చదవాలి? 'ఇలినాయ్ యొక్క', 'కామ్యూ యొక్క' అనే అర్థంలో రచయిత ఒకచోట అపాస్ట్రఫీ మాత్రమే పెట్టారు, మరోచోట దాని తరువాత మరో ఎస్ కూడా చేర్చారు.

వార్తాపాఠకురాలు:

రాత ఏదైనా పలుకు ఒకటే. మౌనంగా ఉన్న ఎస్ మౌనంగానే ఉంటుంది, షష్ఠీ విభక్తి ఎస్ ఒక్కటే 'జ్'గా వినిపిస్తుంది: 'ఇలినాయ్‌జ్', 'కామూజ్'. రచయిత అపాస్ట్రఫీతో ఆపేసినా మీరు 'జ్' పలకవలసిందే, లేకపోతే విభక్తి ఉన్నట్టే వినేవాడికి తెలియదు. 'ఇలినాయ్‌సెస్' అని మాత్రం అనకండి, అక్కడ లేని ఎస్ ఒకటి నిద్రలేస్తుంది.

చరిత్ర విద్యార్థిని:

దీని మీద ఒక రాష్ట్ర శాసనసభే తలదూర్చింది. ఆర్కన్‌సా పేరులోని ఎస్ కూడా ఒక ఆదివాసీ జాతి పేరుకు ఫ్రెంచివారు చేర్చిన బహువచనపు గుర్తే. చివరి ఎస్ పలకకూడదని ఆ రాష్ట్ర శాసనసభ 1881లో తీర్మానించింది. 2007లో మళ్లీ సమావేశమై, ఆ పేరుకు షష్ఠీ విభక్తి రాసేటప్పుడు అపాస్ట్రఫీ తరువాత ఇంకొక ఎస్ చేర్చాలని మరో తీర్మానం చేసింది. కాబట్టి ఆ ఒక్క రాష్ట్రానికి రాతలోనూ పలుకులోనూ సందేహం లేదు. మీ పుస్తకంలో ఆర్కన్‌సా నది కనుక కాన్సస్ రాష్ట్రంలోకి ప్రవేశిస్తే మాత్రం మళ్లీ ఆగి చూసుకోండి. అక్కడివాళ్లు ఆ నదిని 'ఆర్‌క్యాన్జస్' అంటారు, 1881 తీర్మానం వాళ్లకు వర్తించదు.